నవారు సీటు మీద అలిపిరికి

1979 ఫిబ్రవరి 8, గురువారం. చిత్తూరు. ఉదయం ఆరు గంటల ఐదు నిమిషాలు.

హాజరైనవారు: నేను. మిత్రుడు దేవసహాయం, రిటైరైన కాంపౌండరు. నా భార్య సుభద్రమ్మ, గుమ్మంలో, చేతులు కట్టుకొని. సైకిళ్ళు రెండు.

ఆనాటి డైరీ పేజీ ఇలాగే మొదలవుతుంది. సర్వే శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన అలవాటు ఇది. తేదీ, హాజరైనవారి పేర్లు రాయనిదే మేము పొలంలో కొలత గొలుసు పరిచేవాళ్ళం కాదు. తిరిగివచ్చి నెల దాటింది. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో పూట తిరగకుండా పోయేవాళ్ళున్నారు. అదే దారిని మూడు రోజులు పోయినవాడి దగ్గర కూడా చెప్పడానికి కొంత ఉంటుందని రాస్తున్నాను.

కిందటేడు నాకు హెర్నియా ఆపరేషన్ జరిగింది. ఆరు నెలలు సైకిలు ముట్టుకోవద్దన్నారు. పంతొమ్మిదేళ్ళు ఆ సైకిలు మీదే ఊళ్ళన్నీ తిరిగినవాణ్ణి. ఆసుపత్రి మంచం మీద పడుకొని ఒక మొక్కు మొక్కుకున్నాను: మళ్ళీ సైకిలెక్కగలిగితే, నా ఇంటి గుమ్మం నుంచి అలిపిరి మెట్ల దాకా దాని మీదే వస్తాను స్వామీ అని. అలిపిరి నుంచి పైకి కొండ బస్సు అని కూడా అప్పుడే అనుకున్నాను. సర్వేయరు హద్దురాళ్ళు ముందే పాతుకుంటాడు.

సుభద్రమ్మ వద్దనలేదు. షరతు మాత్రం పెట్టింది.

"దావలో బస్సెక్కినారంటే ఆ సైకిలు మళ్ళీ మన గడప తొక్కకూడదు. తిరుపతి నుంచి అట్లే మా తమ్ముడు తీసుకొని పోతాడు."

కోపంతో అన్న మాట కాదు. ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న మనిషి ఆమె. నేను సరేనన్నాను. డైరీలో రాసి చదివి వినిపించాను. ఆసుపత్రిలో నాకు సూదులు వేసింది దేవసహాయమే కాబట్టి, నన్ను ఎప్పుడు బస్సెక్కించాలో తేల్చే అధికారం ఆయనకిచ్చింది. "నువ్వు ఎక్కమంటే ఎక్కాల్సిందే అన్నా. ఆయన మాట ఇనొద్దు," అంది. తాను శనివారం బస్సులో వచ్చి తిరుపతి సత్రంలో మాకోసం కాచుకొని ఉంటానంది.

ఇక సీటు సంగతి. నా సైకిలుది పాత తోలు సీటు. ఎండకూ చెమటకూ, ఏడాదికోసారి పూసే ఆముదానికీ నల్లబడి నిగనిగలాడుతూ ఉండేది. ప్రయాణానికి వారం ముందు సుభద్రమ్మ దాన్ని చూసి, "మొక్కుకు పోతా తోలు మీద కూసోని పోతారా?" అంది. న్యాయమైన మాటే. కొండకు నడిచిపోయేవాళ్ళు చెప్పులూ బెల్టూ ఇంట్లోనే విడిచిపోతారు. నేను సైకిలు షాపుకు పోయాను. షాపతను రెక్సిను తొడిగిన స్పాంజి సీటొకటి బల్లమీద పెట్టి బొటనవేలితో నొక్కాడు.

"సూడండి సారూ, యేలు ఎట్ల దిగతా ఉండాదో! పరుపే."

నేనూ బొటనవేలితో నొక్కాను. పరుపే. కొన్నాను. దాని మీద కూర్చోబోయేది బొటనవేలు కాదన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

దేవసహాయం సైకిలుకు సీటు స్ప్రింగు విరిగి ఉంది. నా తోలు సీటు విప్పి ఆయనకు బిగించాం. "మా ఏసయ్యకు తోలుతో పేచీ లేదప్పా," అని నవ్వుతూ ఎక్కాడు.

పూతలపట్టు: వేడి బెల్లం

మొదటి ఐదు మైళ్ళు హాయిగా పోయాం. మామిడి తోపుల్లో పూత విరగబూసింది. చలిగాలిలో ఆ వాసన తీగలాగా వెంట వచ్చింది. ఆరో మైలు దగ్గర సీటు కింద ఎవరో గులకరాయి పెట్టినట్టనిపించింది. ఎనిమిదో మైలుకు ఆ రాయి కూడా తెలియలేదు. అసలు ఏమీ తెలియలేదు. తిమ్మిరి.

నేను పైకి చెప్పలేదు. చెబితే బస్సు. నీళ్ళు తాగే నెపంతో దిగి, స్పానరుతో సీటు ముక్కు కొంచెం పైకెత్తాను. తిమ్మిరి రెట్టింపైంది. ఇంకో మైలు పోయాక ముక్కు దించాను. ఈసారి ఒళ్ళంతా ముందుకు జారి, అరచేతులు మండాయి. తువ్వాలు నాలుగు మడతలు వేసి సీటు మీద కట్టాను. అది పక్కకు జారి చక్రంలో చిక్కుకుంది. మూడింటినీ డైరీలో వరసగా రాశాను. ఏదీ మేలు కాలేదు.

పూతలపట్టు దాటాక రోడ్డు పక్కన చెరకు గానుగ ఆడుతోంది. పెద్ద పెనంలో పాకం కుతకుతమంటోంది. గానుగ యజమాని మునిరత్నం మమ్మల్ని పిలిచి, అరిటాకు ముక్కల మీద వేడి బెల్లం గరిటెతో పోశాడు. మా ఇళ్ళలో బెల్లం అంటే గడ్డకట్టి డబ్బాలో ఉండేదే. ఇక్కడ పని చేసేవాళ్ళంతా దాన్ని పాకంగా, పచ్చి చెనక్కాయలు నంచుకొని తింటారు. నాలుక కాలినా ఇంకొంచెం అడిగాను.

"కూసోని తినండప్పా, దుడ్డు అడగనులే," అన్నాడు మునిరత్నం, నులకమంచం చూపించి.

"నిలబడే తింటాను. ఒంటికి మంచిది," అన్నాను.

"నేనూ అంతే," అన్నాడు దేవసహాయం.

మునిరత్నం మా ఇద్దరినీ కిందికీ పైకీ చూశాడు. "సైకిళ్ళు పడుకోని ఉండాయి, మనుషులు నిలబడి ఉండారు," అని పనివాళ్ళతో అంటే అందరూ నవ్వారు. దేవసహాయం నా మర్యాద కోసం నిలబడ్డాడనే అనుకున్నాను.

ఆ రాత్రికి మునిరత్నం ఇంట్లోనే ఉంచుకున్నారు. రాగి సంగటి, వంకాయ ఊరిబిండి పెట్టారు. రోట్లో నూరిన ఆ పచ్చడి మా ఇంట్లోనూ చేస్తారు కానీ ఇంత కారం వెయ్యరు. ఎవరు, ఏ కులం, ఎందుకు పోతున్నారు అని ఏమీ అడగకుండా ముందు అన్నం పెట్టారు. అడిగిందంతా చేతులు కడుక్కున్నాకే.

పాకాల దారి చీలే చోటు: ఇసుకలో రెండు గుంటలు

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు పాకాలకు దారి చీలే చోటికి చేరాం. టీ తాగుదామని దిగబోయాను. కుడికాలు నేలకు ఆనిందో లేదో తెలియలేదు. సైకిలు నా మీద పడగా, నేను పక్కనే ఉన్న చెరకు ఆకు కుప్పలో పడ్డాను. దెబ్బ తగల్లేదు. గుట్టు మాత్రం బయటపడింది.

దేవసహాయం లేపాడు. స్నేహితుడు మాయమై కాంపౌండరు వచ్చాడు. "కాలు మొద్దుబారిందా? ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే."

"నా మొగం సూసి చెప్పు."

"నిన్నటి నుంచి."

తిరుపతి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు మా తెల్లజుట్లూ పడిపోయిన సైకిలూ చూసి, అడక్కముందే పైకప్పు మీది తాడు విప్పసాగాడు. మంచివాడే, పాపం. నాకు మాత్రం ఆ తాడు మా బావమరిది చేతిలో ఉన్నట్టు కనబడింది.

"ఎక్కప్పా. సుభద్రమ్మకు మాటిచ్చినా," అన్నాడు దేవసహాయం.

అప్పుడు రోడ్డు అవతల నుంచి టంయ్, టంయ్ అని దూది ఏకే విల్లు చప్పుడు వినిపించింది. మునిగిపోయేవాడికి గట్టు కనబడినట్టయింది. "మధ్యాహ్నం బస్సు దాకా గడువియ్యి. ఒక మెత్త కుట్టించుకుంటా. కుదరకపోతే నువ్వు చెప్పకుండానే ఎక్కుతా," అన్నాను. ఆయన నా పాదం నొక్కి చూసి, కండక్టరుకు పొమ్మని చెయ్యి ఊపాడు.

విల్లు దస్తగిరిది. దూదేకులాయన, పరుపులు కుడతాడు. భార్య హుసేనమ్మ పక్కనే మంచానికి నవారు అల్లుతోంది. నేను స్పాంజి సీటు చూపించి, దీని మీదకు బూరుగుదూదితో మందంగా ఒక మెత్త కావాలన్నాను.

దస్తగిరి సీటును అరచేత్తో తట్టాడు. "ఇంకా మెత్తగానా సామీ? మెత్తన ఎక్కువయ్యే గదా మీకీ కష్టం!"

"ఇంటికొచ్చిన బేరాన్ని కాదంటాడు. ఇట్లాటోడితో ముప్పై ఏండ్లు ఏగినా," అంది హుసేనమ్మ అల్లిక ఆపకుండా.

"కాదంటానే. మెత్త పండుకునేదానికి. కూసోని కాళ్ళాడించేదానికి గట్టిది కావాల. రాండి సామీ, ఆ తడి ఇసక మీద కూసోండి. గట్టిగా. ఆఁ, ఇంక లెయ్యండి."

లేచి చూశాను. ఇసుకలో రెండు గుంటలు, పక్కపక్కన.

"అవి మీ ఎముకలు. మీ బరువంతా ఆ రెండే మొయ్యాల. స్పాంజిలో అవి దిగబడిపోతాయి. మధ్యలో స్పాంజి పైకుబ్బి మెత్తని చోట పొడస్తాది. ఆడ నరాలు ఉండాయో లేదో ఈ అన్న చెప్పల్ల."

"ఉండాయి," అన్నాడు దేవసహాయం గంభీరంగా.

"మంచం నవారు సడలితే నడుము పట్టుకోదా? మెత్తగుందని సంతోషపడేది మొదటి రోజే."

నా సంచిలో టేపు ఉంది. గుంట నడిమి నుంచి గుంట నడిమికి నాలుగు అంగుళాల ముప్పాతిక. స్పాంజి సీటు వెనక భాగాన్ని కొలిచాను. గుండ్రంగా జారిపోయే అంచులు తీసేస్తే నిజంగా ఆనుకునే వెడల్పు అంతకూడా లేదు. నా రెండు ఎముకలూ వాలు మీద ఉన్నాయి. జిల్లాలో పొలాలన్నీ కొలిచినవాణ్ణి, నేను కూర్చునే చోటు ఒక్కనాడూ కొలుచుకోలేదు.

దేవసహాయం కూడా ఇసుకలో కూర్చొని లేచాడు. ఆయనది ఐదుంపావు. ఆ గుంటలవైపు చూస్తూ, "అయితే నీ తోలు సీటులో పల్లాలు నీవి, నావి కావు," అన్నాడు. తర్వాత మెల్లగా, "నిన్నటి నుంచి అది నన్ను కొరకతా ఉండాదప్పా," అన్నాడు.

"మరి చెప్పలేదే!"

"నువ్వు చెప్పినావా?"

హుసేనమ్మ పగలబడి నవ్వింది.

"తోలు సీటు మళ్ళీ మీకే బిగించుకుంటే సరిపాయె," అన్నాడు దస్తగిరి. మొక్కు సంగతి చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "దేవళంలో వాయించే డోలుకు ఉండేదేంది సామీ?" అన్నాడు. "నిజమే. కానీ ఇంట్లో మాటిచ్చి వచ్చినాను," అన్నాను. ఆయన ఇంకేమీ వాదించలేదు. అందుకు ఇప్పటికీ ఆయనంటే గౌరవం.

మాట సాయం చేసింది హుసేనమ్మ. "మంచం అల్లేదానికి మనిషిని పెట్టుకోని, తోలూ దూదీ అంటారేంది? నవారుతో అల్లితే పోలా?"

పక్కనున్న సైకిలు రిపేరు షాపు కుప్పలో తోలు చినిగిపోయిన పాత సీటు చట్రమొకటి దొరికింది. వెనక వెడల్పుగా ఉంది. షాపాయన డబ్బులు తీసుకోలేదు. "అది నా కాళ్ళకు అడ్డం పడతా ఉండింది, పోనీలే," అన్నాడు. హుసేనమ్మ చట్రాన్ని పాదాల మధ్య నొక్కిపట్టి, నవారు పట్టీలు ముక్కు నుంచి వెనక కమ్మీ దాకా రెండు వరసలుగా లాగి బిగించింది. తర్వాత అడ్డంగా అల్లుతూ, నడిమధ్య మాత్రం రెండు వేళ్ళు పట్టేంత సందు వదిలేసింది. "ఈడ మీ నరాలు గాలి పోసుకుంటాయి," అంది.

పని అయ్యేలోగానే మధ్యాహ్నం బస్సు వచ్చేసింది.

"ఇంకా నాలుగు వరసలే," అంది హుసేనమ్మ తలెత్తకుండా.

బస్సు హారను మోగింది. దేవసహాయం నా సైకిలు హ్యాండిలు పట్టుకొని నిలబడ్డాడు. అటు బస్సు వైపు, ఇటు ఆమె చేతుల వైపు చూస్తున్నాడు. ఇచ్చిన గడువు తీరింది. నేను సంచి తీసుకున్నాను.

"ఏందన్నా అట్ల సూస్తావు?" అంది హుసేనమ్మ ఆయనతో. "ఎంకటేసులు మా ఇంటి అల్లుడు గదా! బీబీ నాంచారమ్మ మా పిల్లే. అల్లుని కాడికి పోయే మనిషి మా వాకిట్లోకి వస్తే, పని సగంలో ఇడిసి బస్సెక్కిస్తామా?"

దేవసహాయం నా దగ్గరికి వచ్చాడు. "అబద్ధం లేకుండా చెప్పు. తిమ్మిరి పోయిందా?"

"పోయింది."

"కుట్టు కాడ నొప్పి?"

"లేదు. నిన్న కూడా లేదు."

"ఇంకొకసారి దాచినావంటే, నిన్నే కట్టేసి బస్సు మీద ఎక్కిస్తా. సైకిలు లోపల కూసుంటాది." వెనక్కి తిరిగి కండక్టరుతో, "పోనీయప్పా," అన్నాడు.

ఆ ఒక్క మాట విలువ నాకు తెలుసు. ఆయన సుభద్రమ్మకు ఇచ్చిన మాటను నా మాట మీద పణంగా పెట్టాడు.

సీటు బిగించాక నేను రసమట్టం తీసి దాని మీద పెట్టాను. బుడగ నడిమికి వచ్చేదాకా నట్టు తిప్పాను. రిపేరు షాపాయన వచ్చి ఎత్తు చూశాడు. "మడమ పెడలు మీద పెడితే కాలు తిన్నగా రావాల," అని అంగుళం పైకి లేపాడు. పంతొమ్మిదేళ్ళు మోకాళ్ళు మడిచే తొక్కానన్నమాట. ఎక్కి అటు ఇటు నాలుగుసార్లు తిరిగాను. నవారు గట్టిగా ఉంది, కానీ కమ్మీలాగా కాదు. మనిషి చెయ్యి పట్టుకున్నట్టు ఉంది.

దస్తగిరి నవారు ధర మాత్రం తీసుకున్నాడు. కూలి అంటే వినలేదు. మిగిలిన నవారు చుట్ట కూడా సంచిలో పెట్టాడు. "సడలితే బిగించుకోండి. కొండ లడ్డు ఒకటి పంపండి. ఈయమ్మకు ఇష్టం." స్పాంజి సీటు వాళ్ళ పిల్లికి దక్కింది. మేము బయలుదేరేటప్పటికే అది దాని మీద ముడుచుకొని పడుకుంది. ఆ సీటు తయారైంది దానికోసమే అనిపించింది.

చంద్రగిరి: చేతులు పెట్టి చూసినవాళ్ళు

శుక్రవారం సాయంత్రం గాదంకిలో ఒక బడి వరండాలో పడుకున్నాం. శనివారం పొద్దున చంద్రగిరి వైపు సాగాం. గులకరాయి లేదు, తిమ్మిరి లేదు. కానీ నా ముందు పోతున్న దేవసహాయం ప్రతి అరమైలుకూ పెడళ్ళ మీద లేచి నిలబడటం కనిపించింది. నా పల్లాల మీద కూర్చున్న మనిషి. "దిగి నడుద్దాం," అన్నాను చాలాసార్లు. "నువ్వు తొక్కు. నడిస్తే నీ మొక్కులో కోత పడతాది," అన్నాడు. మా ఇద్దరిలో మొక్కు ఎవరిదో, భారం ఎవరు మోశారో డైరీలో రాయడానికి ఆ పూట చేతకాలేదు.

చంద్రగిరిలో కోట వైపు పోయే దారిలో ఒక పెద్దామె ఇడ్లీలు వేస్తోంది. ఇడ్లీ పదిహేను పైసలు. చిత్తూరులో ఇరవై అయింది, చట్నీ మళ్ళీ అడిగితే మొహం చిట్లిస్తారు. ఈమె అడక్కుండానే పోసింది. మేము తింటూ ఉండగా నా సైకిలు చుట్టూ జనం చేరారు. ఒకాయన నవారు నొక్కి చూశాడు, ఇంకొకాయన సందులో వేళ్ళు దూర్చి చూశాడు. ఊళ్ళో ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్ ఏకంగా ఎక్కి కూర్చున్నాడు.

"ఎట్లుండాది?" అని అడిగాను.

"మా అత్తగారింట్లో మంచం మీద కూసున్నట్టుండాది. మర్యాదగా, లేయబుద్ధి కాకుండా," అన్నాడు.

దిగనంటాడేమోనని భయపడ్డాను. ఆయన దిగి, దస్తగిరి ఇంటి గుర్తులు అడిగి రాసుకున్నాడు.

అలిపిరి

సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు ముందు చక్రం అలిపిరి మొదటి మెట్టుకు తగిలింది. సైకిలును అలాగే పట్టుకొని నిలబడ్డాను. పెద్దగా ఏ ప్రార్థనా గుర్తుకు రాలేదు. మునిరత్నం, దస్తగిరి, హుసేనమ్మ, చట్రమిచ్చిన షాపాయన అని పేర్లు చెప్పుకున్నాను. దేవసహాయం కొంచెం దూరంగా నిలబడి నడుము పట్టుకొని ఉన్నాడు. ఆయన పేరు రెండుసార్లు చెప్పాను.

సత్రం వాకిట్లో సుభద్రమ్మతో పాటు ఆమె తమ్ముడు రంగనాథం కూడా ఉన్నాడు. సైకిలు కోసం కొత్త తాళం కొనుక్కొని మరీ వచ్చాడు.

సుభద్రమ్మ నన్ను అడగలేదు. దేవసహాయాన్ని అడిగింది. "బస్సెక్కినారా?"

ఆయన జరిగిందంతా చెప్పాడు. పడిపోవడం, మొద్దుబారడం, వదిలేసిన రెండు బస్సులు, ఏదీ దాచలేదు. చివర, "ఎక్కలేదు తల్లీ. ఎక్కించాల్సిన అవసరం రాలేదు," అన్నాడు. ఆమె నవారు సీటు దగ్గరికి వచ్చింది. ఒక వేలితో అల్లిక మీద రాసింది. "అల్లినామె ఎవరో చెయ్యి తిరిగిన మనిషి," అని మాత్రం అంది.

ఆదివారం మేమిద్దరం కొండ బస్సులో పైకి పోయి దర్శనం చేసుకొని వచ్చాం. దేవసహాయం సత్రంలో బోర్లా పడుకొని సైకిళ్ళకు కాపలా ఉన్నాడు.

మర్నాడు పొద్దున

సోమవారం ఆరున్నరకు దేవసహాయం ప్రయాణమయ్యాడు. నేను స్పానరు తీసి నవారు సీటు విప్పి ఆయనకు ఇవ్వబోయాను.

"అవి నీ గుంటలప్పా. నా గుంటలు ఇసకలో అట్లే ఉండాయి. హుసేనమ్మ కాడ నేనే అల్లించుకుంటా. అంతవరకు నీ తోలు సీటు ఇంకొంచెం కొరకనీ." లడ్డు పొట్లం హ్యాండిలుకు కట్టుకొని, పెడళ్ళ మీద నిలబడే పోయాడు. మలుపు తిరిగేదాకా కూర్చోలేదు.

రంగనాథం కొత్త తాళాన్ని నా చేతిలో పెట్టి, "నీకే పనికొస్తాది బావా," అని బస్టాండుకు నడిచాడు. మేమిద్దరం కూడా చిత్తూరు బస్సుకే పోవాలని ముందు అనుకున్నాం. సైకిలు బస్సు పైకప్పు మీద పోయినా, మొక్కు తీరింది కాబట్టి ఇక పరవాలేదు.

సుభద్రమ్మ నా సంచి తెరిచి నవారు చుట్ట బయటికి తీసింది. దాన్ని సైకిలు వెనక క్యారియరు మీద పెట్టి పొడవు చూసుకుంది.

"ఇది సాలుతాదా?"

"దేనికి?"

"తిరుచానూరు ఎంత దూరం? మూడు మైళ్ళేగా. అమ్మవారిని సూసి పోదాం." నా వైపు చూడకుండానే నవారు కొస కమ్మీకి ముడివేసింది. "ఆ సందు నాకొద్దు. పూర్తిగా అల్లండి."

అల్లాను. హుసేనమ్మ అల్లిక కాదు, సర్వేయరు అల్లిక. అయినా రసమట్టం పెట్టి చూశాను. ఆమె పక్కకు తిరిగి కూర్చొని, చీర కుచ్చిళ్ళు చక్రానికి తగలకుండా ఒడిసిపట్టుకుంది.

"ఎత్తుల కాడ దిగి నడుస్తా," అంది. "పల్లాల కాడ మాత్రం దిగను."